గోడ మీద మనవాళ్ళ నడక

ఫిలడెల్ఫియాలో గోడబొమ్మలు చాలావరకు గోడ మీద వెయ్యరు. ముందు కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని అయిదడుగుల చదరాలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనీ పారాచూట్ క్లాత్ అనే పల్చటి గుడ్డ మీదికి ఎక్కిస్తారు. గీతల మధ్య ఏ రంగు పడాలో అంకెలు వేసి ఉంటాయి. ఆ గుడ్డలు బల్లల మీద పరిచి, వచ్చినవాళ్ళకి తలా ఒక కుంచె ఇస్తారు. అన్నీ ఆరాక ఆక్రిలిక్ జెల్‌తో గోడకి అతికిస్తారు. కింద నించుని చూస్తే గుడ్డ అనిపించదు. సారువ ఎక్కలేని ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఆఖరికి జైల్లో ఉన్నవాళ్ళు కూడా ఊరి గోడకి రంగు వెయ్యగలుగుతున్నది ఈ పద్ధతి వల్లే. గ్రేటర్‌ఫోర్డ్ జైలులో ఖైదీలు ఇలా వేసిన బొమ్మలు ఈ ఊళ్ళో ఉన్నాయి.

ఇదంతా 1984లో మొదలైంది. గోడల మీది రాతలు ఆపించడానికి నగరం పెట్టిన కార్యక్రమంలోకి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకున్నారు. ఆవిడ ఆ రాతలు రాసే కుర్రాళ్ళనే పిలిచి బొమ్మలు వేయించారు. ఇప్పటికి వేసినవి నాలుగు వేల పైమాటే. ఇక్కడ ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి కదా, మధ్యలో ఒక ఇల్లు పాడై పడగొడితే పక్కింటి గోడ మూడంతస్తుల ఎత్తున బోడిగా బయటపడుతుంది. అలాంటి గోడలకి ఈ ఊళ్ళో కొదవ లేదు.

దక్షిణ ఫిలడెల్ఫియాలో అలాంటి ఒక గోడకి బొమ్మ వేస్తున్నారని, ఇక్కడికి వలస వచ్చినవాళ్ళకీ శరణార్థులకీ అది గౌరవంగా ఉండాలనుకుంటున్నారని తెలిసి, మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. ఆ పేటలో కంబోడియా యుద్ధం తరవాత వచ్చిన కుటుంబాలున్నాయి. 1990ల మొదట్లో భూటాన్ వెళ్ళగొడితే నేపాల్ శిబిరాల్లో పదిహేను, ఇరవయ్యేళ్ళు గడిపి, 2008 నుంచి ఇటు రావడం మొదలైనవాళ్ళున్నారు. బర్మా నుంచి వచ్చిన కరెన్, చిన్ అనే జాతుల కుటుంబాలున్నాయి. వాళ్ళ మధ్య మేం నాలుగైదు తెలుగు కుటుంబాలం.

బొమ్మ గీసే ఆవిడ ముందుగా అందరినీ కూర్చోబెట్టి, మీ తరఫున గోడ మీద ఏం ఉండాలని అడిగింది. మావాళ్ళు గబగబా చెప్పారు: కూచిపూడి భంగిమ, చార్మినార్, తిరుమల గోపురం, తెలుగు అక్షరాలు. అన్నీ అందమైనవే. కానీ అవన్నీ మనం వదిలి వచ్చిన చోట ఉన్నవి. మనం ఇక్కడికి ఎలా చేరామో వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు. కంబోడియా పెద్దావిడ తన వంతు వచ్చినప్పుడు నాట్యం మాట ఎత్తలేదు. థాయిలాండ్ సరిహద్దు దాటిన రాత్రి గురించి చెప్పింది.

ఇంటికి వస్తూ కారులో మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మనం ఇమిగ్రెంట్సా, రెఫ్యూజీసా?"

అక్కడ ఒకాయన అప్పటికే దీనికి జవాబు చెప్పి ఉన్నారు. "వాళ్ళది వేరండీ, మనది వేరు. మనం చదువుకుని, హెచ్‌1బి తెచ్చుకుని వచ్చినవాళ్ళం." చట్టం ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం శరణార్థి అంటే ఎవరో స్పష్టంగా చెబుతుంది, మనం అందులోకి రాం. సెలవులొస్తే టికెట్ కొనుక్కుని ఇంటికి వెళ్ళొస్తాం. మా పక్క బల్ల దగ్గర కూర్చున్న కరెన్ కుటుంబానికి ఆ దారి లేదు. ఈ తేడా పిల్లలకి దాచకుండా చెప్పాలి. అందరం ఒకటే అని పైపైన అనేస్తే వాళ్ళు పడ్డ కష్టాన్ని తక్కువ చేసినట్టే. కానీ "మనది వేరు" అన్న ముక్క దగ్గర ఆగిపోతే, మన సొంత చరిత్రే పిల్లలకి సగం అందుతుంది. అందుకే ఆ రాత్రి దానికి రంగం కథ చెప్పాను.

రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి వెళ్ళేవారు. ఓడరేవులో బస్తాలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు. మా తాతగారి నాన్న రేవు కూలీ. మనవాళ్ళు బ్రిటిష్ పాలన నీడన, తక్కువ కూలికి వెళ్ళారు కాబట్టి అక్కడి కూలీలకి కోపం ఉండేది. 1930 మే నెలలో రేవు దగ్గర మొదలైన గొడవల్లో తెలుగు కూలీలు చాలామంది చచ్చిపోయారు. ఇదీ చెప్పాను. మనవాళ్ళు పడ్డ బాధ చెప్పి, ఎవరి ఏలుబడిలో అక్కడికి చేరారో దాచడం నాకిష్టం లేదు.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తరవాతి నెలల్లో అయిదు లక్షలకి దగ్గరగా భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు, ఎక్కువమంది కాలినడకన. కొందరు మణిపూర్ వైపు, ఇంకొందరు అరకాన్ కొండల మీదుగా. తెల్లవాళ్ళకి ఒక దారి, మనవాళ్ళకి ఒక దారి అన్న పక్షపాతం కూడా నడిచింది. దారిలో వేలమంది పోయారు. మా తాతగారికి అప్పుడు పదకొండేళ్ళు, ఇప్పుడు మా అమ్మాయికి ఉన్నన్ని. ప్రోమ్ అనే ఊరి నుంచి బర్మా పడమటి తీరంలోని టౌంగుప్ దాకా కొండ దారిన నడిచారు, అక్కడి నుంచి పడవల మీద చిట్టగాంగ్. వాళ్ళమ్మ ఆ కొండల్లోనే కలరాతో పోయింది. తాతగారు ఈ సంగతి జీవితంలో ఎప్పుడో తప్ప ఎత్తేవారు కాదు. 1962లో అక్కడ సైన్యం అధికారం పట్టాక, దుకాణాలు జాతీయం చేశాక, మిగిలినవాళ్ళూ తిరిగి రావలసి వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఈ రోజుకీ ఉంది.

మా అమ్మాయి అంతా విని, రెండే ప్రశ్నలు వేసింది. "ఆవిడ పేరేంటి?" ఒకటి. "మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" రెండోది. పేరు కోసం మా నాన్నగారికి ఫోన్ చేశాం. అప్పలనరసమ్మ అన్నారు. రెండో ప్రశ్నకి, నువ్వు తట్టుకునే వయసు రావాలని ఆగాను అని చెప్పాను. అది నిజమే.

తరవాతి వారం రంగులు వేస్తున్నప్పుడు పక్క బల్ల కరెన్ అమ్మాయికి ఇది ఈ కథంతా చెప్పింది. ఆ పిల్ల వాళ్ళ అవ్వ కూడా బర్మా అడవుల్లోంచే నడిచి, థాయిలాండ్ వైపు దాటి, అక్కడ శిబిరంలో ఏళ్ళ తరబడి ఉందిట. "వాళ్ళు తూర్పుకి నడిచారు, మనవాళ్ళు పడమటికి" అని మా అమ్మాయి నాకు వచ్చి చెప్పింది. ఇద్దరూ కలిసి బొమ్మ గీసే ఆవిడ దగ్గరికి వెళ్ళి అదే చెప్పారు. ఆవిడ ఆ మాట పట్టుకుని గోడకి ఎడమ వైపు ముక్కలు మళ్ళీ గీసింది. ఇప్పుడు అక్కడ ఒక కొండ వరస, దానికి అటొక నడక, ఇటొక నడక.

గోడబొమ్మలు బాధని మోయలేవన్న వాదన నాకు నచ్చదు. లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో మొదలుపెట్టిన గోడ అర మైలు పొడవు, వేసవుల్లో దాదాపు 400 మంది కుర్రాళ్ళు వేసింది. జపాన్ సంతతి అమెరికన్లని యుద్ధకాలంలో శిబిరాల్లో పెట్టడం అందులో ఉంది. 1930లలో మెక్సికన్లని రైళ్ళెక్కించి పంపేయడమూ ఉంది. పిల్లలే వేశారు, పిల్లలే చూస్తున్నారు.

మా గోడ మీద కూచిపూడి బొమ్మ కూడా ఉంటుంది, కుడి వైపు. నాకు సంతోషమే. "మనది వేరు" అన్న ఆయన మటుకు ఎడమ వైపు మార్పు ఒప్పుకోలేదు. పండగలాంటి గోడ మీద చావులెందుకండీ అన్నారు. ఆయన మనసు నాకు తెలుసు, పిల్లలు తల ఎత్తుకు తిరగాలని ఆయన కోరిక. నా కోరికా అదే. అప్పలనరసమ్మ పేరు తెలిశాక మా అమ్మాయి తలేమీ దించుకోలేదు.

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వైపు మూలాలున్న తల్లిదండ్రులకి ఒక మనవి. మీ ఇంట్లోనూ రంగం వెళ్ళొచ్చినవాళ్ళ కథ ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్ళకి ఈ వారమే ఫోన్ చెయ్యండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఏ దారిన వచ్చారు, ఎవరు తోడున్నారు, ఎవరు రాలేకపోయారు, వాళ్ళ పేర్లేంటి అని అడగండి. ఆ దారిన నడిచిన పిల్లల్లో ఎవరైనా ఇంకా ఉంటే వాళ్ళకి తొంభై ఏళ్ళకి అటూ ఇటూ ఉంటాయి.