టీవీ వెనక చెయ్యి పెట్టే పని తప్పింది

నాన్నగారి గదిలోని టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మా శబ్దమూ ఒకే వైరుతో అందుకునే సాకెట్) ఒక్కటే. సెట్‌టాప్ బాక్స్ వైరు పీకి ఫైర్ స్టిక్ (ఇంటర్నెట్‌లో సినిమాలు చూపించే చిన్న పరికరం) పెట్టాలంటే గోడకీ టీవీకీ మధ్య చెయ్యి దూర్చాలి. మోకాళ్ల నొప్పులతో ఆయన అలా వంగుతుంటే నాకు టెన్షన్‌గా ఉండేది. ఆదివారం 3 ఇన్‌పుట్లు, 1 అవుట్‌పుట్ ఉన్న హెచ్‌డీఎంఐ స్విచ్ బాక్స్ బిగించాను. ఏ పరికరం ఆన్ చేస్తే దానికి బాక్స్ తనంతట తానే మారుతుంది. సెట్‌టాప్ బాక్స్ ఆన్‌లోనే వదిలేస్తే మాత్రం కొన్నిసార్లు మారదు, బటన్ నొక్కాలి. అందుకే 1 మీద ‘కేబుల్’, 2 మీద ‘సినిమాలు’ అని తెలుగులో రాసి అంటించాను. రాత్రి ఆయనే మార్చుకుని చూశారు, ఎంత సంతోషమేసిందో!

అమ్మ అడిగిన డీవీడీ ప్లేయర్ ఒక్కటే మిగిలింది. దానికి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే ఉన్నాయి. అనలాగ్ సిగ్నల్ కాబట్టి నేరుగా ఈ బాక్స్‌కి పనికిరాదు, దాన్ని హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కావాలి. చెల్లి పెళ్లి డిస్క్ అందులోనే చూడాలట. ఈరోజే ఆర్డర్ పెట్టాను.