కుందేలు మెదడులో నీలం ముద్దలు

పదో తరగతికి మెదడు పాఠం చెప్పినప్పుడల్లా బోర్డు మీద పట్టిక గీసేదాన్ని. చేప, కప్ప, పక్షి, కుందేలు... ఎదురుగా మెదడులో ఏ భాగం 'పెద్దది', ఏది 'చిన్నది' అని. పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో రాసేసేవారు. ఈసారి పట్టిక మానేసి, పిండితో మెదళ్లు చేయిద్దామని కిలో మైదా పట్టుకెళ్లాను.

ఉప్పు, కాస్త నూనె వేసి చపాతీ పిండిలా కలిపాం. కుంకుమ కలిపిన ఎర్ర ముద్ద వాసన చూసే ఘ్రాణ లంబికలకి, పసుపు ముద్ద మస్తిష్కానికి (పెద్ద మెదడు), నీలిమందు వేసింది చూపు చూసుకునే దృక్ లంబికలకి, పాలకూర రసం పోసింది ఒంటిని నిలదొక్కుకోనిచ్చే అనుమస్తిష్కానికి (చిన్న మెదడు). వెన్నుపాముతో కలిసే మజ్జాముఖానికి ఉత్త తెల్ల పిండి. ఏ జంతువు చేసినా రంగులు మార్చకూడదు, ముక్కు వైపు నుంచి వెన్ను దాకా వరుస మార్చకూడదు. పెట్టిన నియమం అదొక్కటే.

సొరచేపకే ఎర్ర పిండి సగం అయిపోయింది. వాసన పట్టి వేటాడే జీవి మరి. కప్ప చేస్తున్న అమ్మాయి "ఆకుపచ్చ ఇంతేనా మేడం?" అని రెండుసార్లు అడిగింది. అంతే, నీలం గుండ్ల వెనక అడ్డంగా పెట్టిన సేమ్యా పోగంత. తర్వాత పావురం కూడా తనకే ఇచ్చాను. అందులో ఆకుపచ్చ ముద్ద ఎంత లావంటే, నీలం గుండ్లు చెరో పక్కకి జరిగిపోయాయి. గాలిలో ఒళ్లు నిలదొక్కుకోవాలంటే అనుమస్తిష్కానికి అంత పని ఉంటుంది. దాని మీద మడతల కోసం దువ్వెన పళ్లతో గీతలు నొక్కింది. ఆ గీతలు ఎంత ముద్దొచ్చాయో!

అన్నీ పిడికెడంతే చేస్తున్నాం కాబట్టి అసలు సైజు కూడా చూపించాలనిపించింది. పావురం మెదడు సుమారు 2 గ్రాములు. అంత పిండి తూస్తే గోళీ అంత వచ్చింది. మనిషిది దాదాపు 1,400 గ్రాములు. అంటే బేసిన్‌లో కలిపిన పిండి ఇంచుమించు మొత్తం.

కుందేలు దగ్గర పెద్ద గొడవ. ఒకడు నీలం పెట్టాడు, ఇంకొకడు పసుపు కప్పాడు, మూడోవాడు నీలం కనబడక టెన్షన్ పడిపోయాడు. పసుపు అర్ధగోళాలు రెండూ మెల్లగా విడదీయమన్నాను. లోపల నాలుగు చిన్న నీలం గుండ్లు. క్షీరదాల్లో ముందు రెండూ చూపుకి, వెనక రెండూ వినికిడికి. ఆ మూడోవాడు వాటిని మళ్లీ కప్పనివ్వలేదు.

చేపలమ్మే వాళ్లబ్బాయి సోమవారం బొచ్చె తల తెస్తానన్నాడు. పుర్రె చెదరకుండా విప్పడం వాళ్లమ్మకి వచ్చట. ఎర్ర పిండి ఎంత కావాలో అది చూశాకే కలుపుతాం.