దగ్గితే తడిసేది: కాన్పు తర్వాత 4 నెలలు

నాది రెండో కాన్పు, నార్మల్, కుట్లు పడ్డాయి. మూడో వారానికి కుట్ల నొప్పి తగ్గింది. దగ్గినా, తుమ్మినా, పిల్లను ఎత్తుకుని లేచినా చుక్కలు చుక్కలుగా మూత్రం పడటం మాత్రం ఆగలేదు. పొద్దుగూకేసరికి కింద ఏదో జారుతున్నంత బరువు. పరకాల దగ్గర మా తల్లిగారి ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "బాలెంతకు ఇట్లనే ఉంటది బిడ్డా, మెల్లగ పోతది." చాలామందికి ఇలా అవుతుందన్నది నిజమే. ఏమీ చేయకుండానే పోతుందన్న నమ్మకం మాత్రం అందరికీ నిజం కాదు. 6 వారాల చెకప్‌లో డాక్టరమ్మ చూసి, గర్భసంచి జారలేదు, దాన్ని మోసే కండరాలు సడలాయని చెప్పి, హన్మకొండలో పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది.

పెల్విక్ ఫ్లోర్ అంటే ముందువైపు మూత్రద్వారం పైన చేతికి తగిలే ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా తొట్టెలలా వేలాడే కండరాలు. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం మూడింటినీ మోసేది అదే తొట్టెల. తొమ్మిది నెలల బరువుకు, బిడ్డ బయటికొచ్చేటప్పటి సాగుడుకు అది వదులవుతుంది. ఊపిరి తీసుకుంటే కొంచెం కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. ఫిజియోథెరపిస్టు మొదట అర్థం చేయించింది ఇదే, తర్వాతదంతా దీని మీదే ఆధారపడింది.

నా అనుమతి అడిగి, గ్లౌజు వేసుకుని, లోపల వేలు పెట్టి చూసింది. బలానికి 0 నుంచి 5 దాకా కొలత ఉంటుంది. నాకు 2 రాసింది. బిగించి పట్టుకోగలిగింది 3 సెకన్లే. కెగెల్ వ్యాయామం, అంటే ఈ కండరాలను బిగించి వదలడం, తెలుసు, రోజూ చేస్తున్నానని చెప్పాను. చేసి చూపించమంది. నేను బిగిస్తున్నవి పిరుదులు, తొడలు. ఊపిరి బిగబట్టి, పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతున్నాను. అలా చేస్తే బలం రాకపోగా బరువంతా ఆ వదులు కండరాల మీదే పడుతుంది. ఈ తప్పు మీకు మీరే పట్టుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, యోనికీ మలద్వారానికీ మధ్య చోట అరచేయి ఆనించండి. బిగించినప్పుడు ఆ చోటు చేతినుంచి లోపలికి పోతే సరి. చేతి మీదికి ఉబికితే ముక్కుతున్నట్టు.

నాకు అందిన కొండగుర్తు: నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఆపుకున్నట్టు వెనక బిగించి, అదే పట్టును ముందుకు, మూత్రం ఆపుకునే చోటిదాకా తేవాలి. ఊపిరి వదులుతూ బిగించాలి, తీసుకుంటూ పూర్తిగా వదలాలి. మొదటి 2 వారాలు పడుకునే చేశాను: 3 సెకన్లు పట్టు, 6 సెకన్లు వదులు, 8 సార్లు. తర్వాత చకచకా బిగించి వదిలేవి 10. ఇలా రోజుకు మూడు విడతలు. వారానికో సెకను చొప్పున పెంచుకుంటూ పోయి తర్వాత కూర్చుని, చివరికి నిలబడి చేశాను. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, మనం ఎగ్గొట్టేది దాన్నే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే అలవాటు చేసుకోవద్దు, మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, పిల్లను ఎత్తే ముందు ఒక బిగింపు వేసుకోవాలి. నాకు మొదట తేడా తెలిసింది దీంతోనే.

అయితే ఈ బిగింపు అందరికీ పనికిరాదు. కొందరికి ఆ కండరాలు సడలవు, పట్టేసి ఉంటాయి. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, కుట్ల చోట లాగుడు ఉంటాయి. వాళ్లు బిగించేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ముందు కడుపుతో ఊపిరి తీసి వదులు చేయడం నేర్చుకోవాలి. అందుకే ఒక్కసారైనా చూపించుకోవాలని పట్టుబట్టి చెబుతున్నా. ఆపరేషన్ అయినవాళ్లకూ ఇది అవసరమే. తొమ్మిది నెలల బరువు వాళ్లూ మోశారు కదా. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే.

ఇక బాలెంత పత్యం. అమ్మ చేసినవాటిలో నిజంగా మేలు చేసినవి ఎన్నో: పని ముట్టనియ్యలేదు, పడుకోనిచ్చింది, నడుముకూ కాళ్లకూ నూనె పట్టింది, వేళకు వేడి అన్నం పెట్టింది. కష్టమంతా నడికట్టుతో వచ్చింది. పాత నూలు చీరను మడతలు పెట్టి, పక్కటెముకల కింద నుంచి మొదలుపెట్టి, వేలు దూరనంత బిగించి కట్టేది. "గట్టిగ కట్టకపోతే కడుపు జారుతది" అనేది. పైన అంత బిగిస్తే లోపలున్నవి పోయే దారి కిందికే. గొట్టాన్ని మధ్యలో నొక్కితే కింది చివర ఉబ్బినట్టు. ఫిజియో అమ్మను కూర్చోబెట్టి కట్టు మానమని చెప్పలేదు, మార్చి చూపించింది: తుంటి ఎముకల దగ్గర నుంచి మొదలుపెట్టి బొడ్డు దాకా పైకి చుట్టాలి, రెండు వేళ్లు దూరాలి, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ విప్పాలి. అమ్మ ఒక్కసారి చూసి నేర్చుకుంది.

కుంపటి పొగా అంతే. తలుపులన్నీ మూసి సాంబ్రాణి వేస్తే నేను దగ్గేదాన్ని, ఒక్కో దగ్గూ కుట్ల మీద పడేది. మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణాలకే ముప్పు, పసిపిల్లకు మరీ. తలుపులు తీయించాం. నీళ్లు తక్కువ తాగనియ్యడం ఇంకో తప్పు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లంతో చేసే కాయం రోజుకు ఉసిరికాయంత బాగానే ఉంది. దాని మీద రోజంతా మూడు గ్లాసుల నీళ్లే, ఐరన్ మాత్ర, ఆకుకూర లేని అన్నం అంటే మలబద్ధకం రాక ఏమవుతుంది? ముక్కడం కూడా పైనుంచి పడే బరువే. పాలిచ్చేతల్లికి రోజుకు రెండున్నర మూడు లీటర్లు కావాలి. తోటకూర, మునగాకు, జొన్నరొట్టె చేర్చాం. ఐరన్, కాల్షియం మాత్రలు 2 గంటల తేడాతో వేసుకున్నా, కాన్పు తర్వాత రెండూ 180 రోజులు. దొడ్డికి కూర్చున్నప్పుడు కుట్ల మీద శుభ్రమైన గుడ్డ ఆనించి పట్టుకోండి, భయం తగ్గుతుంది. కమోడ్ అయితే పాదాల కింద పీట వేసుకోవాలి.

వేపాకు నీళ్ల స్నానం మంచిదే, కానీ చెంబుతో కుట్ల మీద మరిగే నీళ్లు కొట్టొద్దు. టబ్బులో గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు కూర్చుని, రుద్దకుండా అద్ది ఆరనివ్వాలి. 6 వారాల దాకా పిల్లకంటే బరువైనదేదీ ఎత్తొద్దు.

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, దుర్వాసన, 100.4 దాటిన జ్వరం, ఒక పిక్క వాచి నొప్పి, తగ్గని తలనొప్పి, మలం ఆపుకోలేకపోవడం కనిపిస్తే ఎదురుచూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పసిబిడ్డను చూడటానికి ఇంటికి వస్తుంది. మూత్రం సంగతి సిగ్గుపడకుండా ఆమెకు చెప్పండి.

12వ వారానికి దగ్గు తడపడం మానింది. 16వ వారానికి కొలత 4, పట్టు 9 సెకన్లు. ఇప్పటికీ ఎగిరి దూకితే చుక్క పడుతుంది, అందుకే రోజుకు ఒక విడత కొనసాగిస్తున్నా. నిండు బిందె ఎత్తే ముందు బిగింపు మాత్రం ఒక్కసారి కూడా మరవను.