జ్వరం దిగాక మొదలైన కష్టం

బ్రెవెట్ అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. 200 కిలోమీటర్ల బ్రెవెట్‌కు గడువు 13 గంటల 30 నిమిషాలు. పంక్చర్ పడినా, భోజనానికి ఆగినా, కంట్రోల్ పాయింట్‌లో కార్డు మీద స్టాంపు వేయించుకున్నా ఆ సమయమంతా అందులోనే పోతుంది. స్పీడుగా తొక్కేవాళ్ల కంటే ఓపిగ్గా తొక్కేవాళ్లకి కలిసొచ్చే రైడ్ ఇది, నాకు నచ్చిందీ అందుకే. ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 పూర్తిచేసినవాళ్లకి సూపర్ రాండనీర్ అని పేరు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ రైడ్ మళ్లీ 2027లో ఉంది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. ఆ ఏడాది ఈ నాలుగూ తొక్కినవాళ్లకే అందులో చోటు. తమ్ముడూ నేనూ దాని మీదే ఆశ పెట్టుకుని, ముందు ఒక 200 తొక్కుదామని ప్రాక్టీస్ మొదలుపెట్టాం.

వంద కిలోమీటర్లు హాయిగా తొక్కగలుగుతున్న సమయంలో నాకు డెంగీ వచ్చింది.

కళ్ల వెనక పోటు, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు. పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేసుకోవద్దని, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయని డాక్టరమ్మ మొదటే చెప్పారు. జ్వరం దిగిన రోజు ఇంట్లో అందరి మనసూ తేలికపడింది. ఆమె మాత్రం సరిగ్గా అప్పుడే అడ్మిట్ అవ్వమన్నారు. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గుముఖం పట్టే ఆ ఒకటి రెండు రోజుల్లోనే. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారుతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోవచ్చు. అందుకే ఆమె ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) మీద కూడా గట్టిగా కన్నేసి ఉంచారు.

లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు నాకు 38 వేలకు పడిపోయాయి. "ఎక్కించండి డాక్టర్ గారూ" అని తమ్ముడు బతిమాలాడు.

"రక్తస్రావం లేదు కదా బాబూ, అంకె చూసి ఎక్కించం. కడుపులో బాగా నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా వెంటనే పిలవండి" అన్నారామె.

ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. నాకు కాస్త కన్ను అంటుకుంటే చాలు, భుజం తట్టి "అక్కా, కడుపు నొప్పేస్తోందా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చాక అరచేతుల్లో, అరికాళ్లలో దురద. అది కోలుకుంటున్న గుర్తేనట. నీరసం మాత్రం వారాల తరబడి వదల్లేదు. కొన్నాళ్లకి దువ్వెన నిండా జుట్టు రాలడం మొదలైంది. పెద్ద జ్వరం తర్వాత అలా రాలుతుంది, మళ్లీ వస్తుందన్నారు. వస్తోంది కూడా.

గోడకి అంటించుకున్న ట్రైనింగ్ ప్లాన్‌ని తమ్ముడే తీసేశాడు. దాని బదులు ఒక నోట్‌బుక్ పెట్టాం. పొద్దున్నే మంచం దిగకముందే నాడి లెక్కపెట్టి అందులో రాసేదాన్ని. జ్వరానికి ముందు 56 ఉండేది, ఇప్పుడు 70 దాటుతోంది. అది దిగేదాకా నడక మాత్రమే. దిగాక ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని ఒకేచోట నిలబెట్టి తొక్కే స్టాండ్) మీద, మాట్లాడుతూ తొక్కగలిగినంత మెల్లగా, కాసేపు. మర్నాడు నాడి పెరిగితే ఆ రోజు సైకిల్ ముట్టుకోకూడదు. జబ్బుపడి లేచిన మనిషికి తేదీల ప్రకారం రాసిన ప్లాన్ కంటే ఈ అంకె ఎంతో నమ్మకమైనదని నా గట్టి అభిప్రాయం.

రోడ్డెక్కాక ఇంకో తంటా వచ్చింది. ఎడమ చిటికెన వేలు, ఉంగరం వేలు సగం మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే వేళ్లు జారిపోయేవి. ఆ వేళ్లకి వెళ్లే అల్నార్ నరం మణికట్టు దగ్గర నలుగుతోందని ఫిజియో చెప్పింది. మంచం మీద ఉన్నన్నాళ్లలో నడుము, పొట్ట కండరాలు నీరసించాయి, దాంతో ఒంటి బరువంతా చేతుల మీద పడుతోంది. సీటు ముక్కు కిందికి వంగి ఉండటంతో నేను ముందుకి జారుతున్నాను కూడా. సీటు సమం చేసి, హ్యాండిల్ కాస్త పైకి లేపాం. రోజూ నడుము, పొట్ట కండరాల కోసం ప్లాంక్, బ్రిడ్జ్ వ్యాయామాలు చేయడం మొదలుపెట్టాను. రైడ్‌లో చేతులు మార్చిమార్చి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

అనుకున్న 200కి వెళ్లలేకపోయాను. ఆ తర్వాతి దానికి వెళ్లాను. ఎత్తు వచ్చినచోట తమ్ముడు ముందుకి పోకుండా పక్కనే తొక్కాడు. చివరి కంట్రోల్ పాయింట్‌లో కార్డు అందిస్తుంటే చేయి వణికింది కానీ ఊపిరి నిలకడగానే ఉంది. గడువుకి గంట ముందే ముగించాం. మర్నాడు పొద్దున నాడి కాస్త పెరిగింది, రెండో రోజుకి మామూలైంది. ఆ రైడ్ మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ రెండో రోజు అంకే.

చిటికెన వేలి కొస ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. 300కి గడువు 20 గంటలు, చీకట్లో చాలాసేపు తొక్కాలి, బ్రేకు మీద పట్టు బాగుండాలి. నెలాఖరుకి ఫిజియో చేతి పట్టు చూసి సరేనంటే పేరిస్తాను. వద్దంటే ఈసారి తమ్ముడొక్కడే వెళ్తాడు.