డోలు ముందు, మెషిన్ వెనక

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. స్పీకర్లలో సన్నగా వినిపించే హమ్ అదే. అది ఐదు శ్రుతి షడ్జమానికి ఒక రవ్వ పైన పడుతుంది. కీబోర్డు మీద ఆ స్థాయిలో ఉండే జీ (G) అనే స్వరం 49 హెర్ట్జ్, అంటే సెకనుకు 49 ఊపులు, కరెంటు 50. నా వీణ శ్రుతి రెండు, అంటే షడ్జమం డి (D). కాబట్టి నాకు ఈ హమ్ శుద్ధ మధ్యమం దగ్గర, కాస్త హెచ్చుగా వచ్చి కూర్చుంటుంది. మధ్యమమే లేని మోహనం వాయిస్తున్నా వెనకాల ఆ అపస్వరం మోగుతూనే ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఇది తెలియదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి రికార్డింగ్ చేసే నాకు మాత్రం ముందుగా వినపడేది అదే.

నేను ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద గదే స్టూడియో. కరెంటుతో స్వరాలు పుట్టించే ఒక అనలాగ్ సింథసైజర్, డ్రమ్ మెషిన్, రికార్డు చేసిన శబ్దాన్ని మీటల మీద వాయించే శాంప్లర్, ల్యాప్‌టాప్, వాటి మధ్యలో నూజివీడులో చేసిన పనస చెక్క వీణ. లేబుల్ లేదు, మేనేజర్ లేడు. కేబుల్ తెగితే సోల్డరింగ్ చేసుకోవడం దగ్గర్నుంచి పోస్టర్ దాకా అన్నీ నేనే చూసుకుంటాను. రికార్డింగ్ అప్పుడు చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపిస్తే సగం హమ్ పోతుంది. మిగతా సగం కోసం సింథ్‌కీ, శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే ఇంటర్‌ఫేస్‌కీ మధ్య డీఐ బాక్స్ పెడతాను, హమ్‌ను ఆపే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న పెట్టె అది. మే నెలలో ఫ్యాన్ కూడా ఆపాలి. బెజవాడ ఎండల సంగతి తెలిసినవాళ్లకు ఆ గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ వేడెక్కి ఆడియోలో టకటకలు మొదలవుతాయి. బఫర్, అంటే ల్యాప్‌టాప్ శబ్దాన్ని పోగుచేసి పంపే మోతాదు, పెంచితే అవి పోతాయి కానీ, మీటకూ శబ్దానికీ మధ్య ఆలస్యం చేతికి తెలుస్తుంది. సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు ముక్కలు) తీసుకునే చోట 128 శాంపిళ్ల బఫర్ అంటే మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. 512కి వెళితే పది దాటుతుంది. ఇంటర్‌ఫేస్ లోపలి ఆలస్యం దానికి అదనం. వీణ నేర్చుకున్న చెయ్యి దాన్ని ఒప్పుకోదు.

ఆ తర్వాత శ్రుతి. సింథసైజర్లు పుట్టుకతోనే పన్నెండు సమాన భాగాల స్వరాలతో వస్తాయి. మన తంబురా అలా పలకదు. తంబురాలో సరిగ్గా కుదిరిన స-ప జంట 3:2 నిష్పత్తిలో ఉంటుంది. కీబోర్డు పంచమం దానికంటే రెండు సెంట్లు తక్కువ. సెంటు అంటే ఒక స్వరస్థానానికీ దాని పక్కదానికీ మధ్య దూరంలో నూరో వంతు. రెండు సెంట్లను చాలామంది చెవి వదిలేస్తుంది. అంతర గాంధారం అలా కాదు, అక్కడ తేడా దాదాపు 14 సెంట్లు. తంబురా నాదం మీద సింథ్ గాంధారం పెడితే రెండూ రాచుకుని 'వావ్ వావ్' అని కొట్టుకుంటాయి. అందుకే సింథ్‌లో ప్రతి స్వరాన్నీ విడిగా సరిచేసుకున్నాను. ఓపిక కావాల్సిన పనే, కానీ ఒకసారి చేశాక ఆ షడ్జమం కింద నిద్రపోవచ్చు.

గమకం దగ్గర ఈ సరిచేయడాలు కూడా సరిపోవు. తోడి గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉంటేనే అది తోడి గాంధారం. వీణ మీద తీగ లాగి వాయించిన ఆ ఊపును శాంప్లర్‌లోకి తీసుకుని ఒక్క మీట పైన వాయిస్తే, స్వరంతో పాటు ఊపు కూడా ఆరు శాతం వేగం పెరుగుతుంది. నాలుగు మీటలు పైకి వెళ్లేసరికి వణుకుడు తప్ప రాగం మిగలదు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: గమకం ఉన్నదంతా వీణ మీద చేత్తోనే వాయిస్తాను. మెషిన్లకు స, ప, బేస్, వాతావరణం, ఇంతే. అనుకరించడానికి కాకుండా ఆధారంగా నిలబడటానికి మెషిన్‌ని వాడితే అది చాలా అందంగా పలుకుతుంది.

ఇది మన సంగీతం కాదనే మాట నాకు తరచూ వినపడుతుంది. కానీ 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశారు. 1982లో బొంబాయి సినిమా రికార్డింగుల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్, రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథసైజర్, టీబీ-303 బేస్ మెషిన్, టీఆర్-808 డ్రమ్ మెషిన్ పెట్టుకుని పది రాగాలతో ఆల్బమ్ చేశారు. 303లో ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారే సదుపాయం ఉంది. ఆ జారుడు మన చెవికి ఎందుకు దగ్గరగా అనిపిస్తుందో ఆయన అందరికంటే ముందు పట్టుకున్నారని నా నమ్మకం.

అయినా నా పని తీరును మార్చింది మెషిన్ కాదు, గుంటూరులో మా బంధువుల పెళ్లిలో డోలు వాయించిన మాస్టారు.

జీలకర్ర బెల్లం అయింది. తాళి కట్టే సమయానికి పురోహితుడు చెయ్యెత్తి సైగ చేశారు. అప్పటిదాకా సన్నాయి వెనక మెల్లగా నడుస్తున్న డోలు ఒక్క ఊపిరిలో గట్టిమేళంలోకి దూకింది. లెక్క లేదు, 'ఒకటి రెండు మూడు' లేదు. ఆయన కళ్లు పురోహితుడి చేతి మీద ఉన్నాయి, చేతులు డోలు మీద ఉన్నాయి, అంతే. భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చుని నేను చేసే సంగీతం గురించి చెప్పాను. ఫోన్లో ఒక ముక్క వినిపించాను. శ్రద్ధగా విని అడిగారు: "బాగుందమ్మా. మరి మీ మిషన్‌కి గట్టిమేళం తెలుసా?"

తెలియదు. డ్రమ్ మెషిన్ తన గడియారం చెప్పినట్టే నడుస్తుంది. మెషిన్లను ఒకే లయలో నడిపే మిడీ క్లాక్ ఒక్కో బీట్‌ను 24 ముక్కలు చేసి పంపుతూ పోతుంది. దాని ఎదురుగా ఎవరి పెళ్లి జరుగుతున్నా దానికి పట్టదు.

మాస్టారు విజయవాడ వచ్చి నాతో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ముహూర్తాలు ఉన్న రోజుల్లో ఆయన దొరకరు. ఆషాఢం, మూఢం, ఈ రోజులే మాకు రిహార్సల్ సీజన్. మొదట హెడ్‌ఫోన్స్‌లో లయ చూపే క్లిక్ ఇచ్చాను, చాలా స్టూడియోల్లో అలాగే చేస్తారు కాబట్టి. కాసేపటికి తీసి పక్కన పెట్టేశారు. "చెవిలో టిక్కు టిక్కుమంటుంటే చెయ్యి ఆడదమ్మా" అన్నారు. కాలప్రమాణం లేక కాదు. ఆయన ఒక్కరే వాయించింది రికార్డు చేసి చూశాను. నిమిషానికి 96 బీట్ల దగ్గర ఎత్తుకుని ముక్తాయింపు వచ్చేసరికి 104 దాకా వెళ్లారు. ప్రతిసారీ అదే చోట, అదే మోతాదులో పెరిగింది. అది తడబాటు కాదు, ఆయన కట్టిన పద్ధతి. దాన్ని స్క్రీన్ మీద సమాన దూరంలో ఉండే బీట్ల గీతల మీదకు లాగి సరిచేసే బటన్ నా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ బటన్ నొక్కి విన్నాను. డోలు శబ్దం మిగిలింది, పెళ్లి పోయింది.

అప్పుడే తిరగేసి ఆలోచించాను. ఆయన మెషిన్ వెంట నడవడం ఎందుకు, మెషినే ఆయన వెంట నడవాలి. ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో చవగ్గా దొరికే, వణుకును కరెంటు సంకేతంగా మార్చే పీజో బిళ్లను డోలు ఎడమ వైపు, కర్రతో వాయించే పక్క అంచుకు టేపుతో అంటించాను. దాన్ని నిరోధం బాగా ఎక్కువ ఉన్న (ఒక మెగాఓమ్) ఇన్‌పుట్‌లోకి ఇవ్వాలి, మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే రేకు డబ్బా కొట్టినట్టు పలుచగా వస్తుంది. అయితే కర్ర దెబ్బ ప్రతి బీట్ మీదా పడదు కాబట్టి దాని నుంచి క్లాక్ తీయడం కుదరదు. అందుకని క్లాక్‌నే తీసేశాను. బేస్ వరసలో స్వరాలు పేర్చి పెట్టాను, ఒక్కో కర్ర దెబ్బకు ఒక్కో స్వరం ముందుకు కదులుతుంది. ఆయన ఆగితే బేస్ ఆగుతుంది. ఆయన దూకితే అదీ దూకుతుంది.

చెప్పడానికి తేలిగ్గా ఉన్నా దీన్ని కుదిర్చేసరికి ఆ ఆషాఢం అయిపోయింది. కర్ర పడ్డాక చర్మం ఇంకా వణుకుతుంటుంది కదా, ఒక దెబ్బను మెషిన్ రెండుగా లెక్కపెట్టేది. ఒక దెబ్బ తర్వాత 80 మిల్లీసెకన్లు ఇంకేమీ వినొద్దని పెట్టాను. నిదానంగా వాయిస్తే బాగుంది. రెట్టింపు వేగంతో రెండో కాలంలోకి వెళ్లగానే నిజమైన దెబ్బలు కూడా పోవడం మొదలైంది. 50కి తగ్గించి, ఎంత గట్టి దెబ్బయితే లెక్కలోకి రావాలో ఆ హద్దు పెంచాను. ఇంకోటి, పెద్ద స్పీకర్ల బేస్ గాలిలో వచ్చి డోలును కదిలిస్తే పీజో దాన్ని దెబ్బ అనుకునేది. మెషిన్ తనను తానే కొట్టుకుంటూ పరుగెత్తేది. సబ్‌వూఫర్‌ని ఆయనకు దూరంగా జరిపి, డోలు కింద మందపాటి ఫోమ్ వేశాక ఆ గొడవ తగ్గింది.

మొదటిసారి అన్నీ కుదిరిన సాయంత్రం నేను ఏమీ చెప్పకుండా చెయ్యెత్తాను. గట్టిమేళం వచ్చింది, దాని కింద నా సింథ్ బేస్ కూడా వచ్చింది, ఒకే ఊపిరిలో. మాస్టారు నవ్వి, "ఇప్పుడు తెలిసింది దానికి" అన్నారు. ఇన్నేళ్ల నా పనిలో నన్ను ఇంతగా కదిలించిన మాట ఇంకోటి లేదు.

స్టేజీ మీద ఇది ఎంత తేడా తెచ్చిందో. నేను ఒక్కదాన్నే వాయించే రోజుల్లో ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి అడిగేవారు, "ఇది రికార్డా అమ్మా, నువ్వే వాయిస్తున్నావా?" అని. అది తెలియనితనం అని నేను అనుకోను, న్యాయమైన ప్రశ్న. మన దగ్గర విద్వాంసుణ్ణి చేతులు చూసి గుర్తిస్తారు. ల్యాప్‌టాప్ మూత వెనక మొహం దాచుకుని నిలబడితే ఎవరికి ఏం తెలుస్తుంది? ఇప్పుడు బల్లను అడ్డంగా తిప్పి వేయిస్తాను, నా చేతులూ నాబ్‌లూ జనానికి కనపడేట్టు. పక్కనే మాస్టారు. కర్ర పడటం, బేస్ కదలడం ఒకేసారి కనిపిస్తుంటే ఎవరూ వివరించక్కర్లేదు. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో కుర్రాళ్లు ముందు "అక్కా, డీజే పాటలు వెయ్యండి" అని అరిచారు. గట్టిమేళం వచ్చేసరికి ఆ కుర్రాళ్లే స్టేజీ ముందుకు వచ్చి ఎగిరారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పెళ్లిలో అక్షింతలు పట్టుకుని ఆ మేళం విన్నవాళ్లే.

ఆ కాలేజీలో జనరేటర్. జనరేటర్ మీద లోడు పెరిగితే హమ్ కూడా 50 నుంచి కిందికి జారుతుంది. లైట్లన్నీ వెలిగినప్పుడు ఒక శ్రుతి, ఆరినప్పుడు ఒక శ్రుతి. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా డీఐ బాక్సులు నా సంచిలోనే ఉంటాయి. ఇంకో సంగతి సమయం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. మంచి నిబంధనే, పక్కింటి పసిపిల్లలూ పడుకోవాలి. కానీ సన్మానాలు, ఉపన్యాసాలు సాగదీసి తొమ్మిదిన్నరకు మమ్మల్ని ఎక్కిస్తే, మాస్టారు మొదటి నడక పూర్తి చేసేలోపే ఎవరో వాచీ చూపిస్తారు. అందుకే ఇప్పుడు ముందే మాట్లాడుకుంటాను: ఎనిమిదికి మేం మొదలుపెట్టాలి, లేదంటే రాము.

డబ్బు చెరి సగం. పోస్టర్ మీద ముందు ఆయన పేరు. డోలు, సన్నాయి తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాలు నిలబెట్టిన విద్య. ఆ వాద్యం లేకుండా ఇక్కడ తాళి కట్టరు. అయినా పెళ్లి వీడియోలో వాళ్ల మొహాలు ఉండవు, శుభలేఖలో పేర్లు ఉండవు. ఒక నిర్వాహకుడు పోస్టర్‌లో నా పేరు పెద్దదిగా, ఆయనది 'డోలు సహకారం' అని కింద చిన్నగా వేయించాడు. మార్పించాకే వెళ్లాం. సహకారం చేస్తున్నది నా మెషిన్.

ఆల్బమ్ రికార్డింగ్‌ను మేడ మీద గదిలో చేయలేదు. చిన్న గదిలో డోలు గోడలకు కొట్టుకుని మైకుకు ఊపిరాడనివ్వదు. నూజివీడు దగ్గర తెలిసినవాళ్ల మామిడి తోటలో, కాయ కోతలు అయిపోయాక, చెట్ల మధ్య చాప వేసుకుని చేశాం. బయట ప్రతిధ్వని లేదు. కుడి వైపు వేళ్ల తొడుగుల చప్పుడు విడిగా, ఎడమ వైపు కర్ర విడిగా, గింజలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. మైకుకు శబ్దం తగ్గించే 20 డెసిబెల్స్ ప్యాడ్ వేసినా మొదటి దెబ్బకు మీటర్ ఎర్రబడింది. మళ్లీ తగ్గించుకున్నాం. ఎక్కడా క్లిక్ లేదు, ఎక్కడా గీతల మీదకు లాగలేదు.

ఇప్పుడు మాస్టారి మేనల్లుడు సన్నాయితో వస్తానంటున్నాడు. సన్నాయి శ్రుతి ఊపిరిని బట్టి, పీకను (నోట్లో పెట్టుకుని ఊదే ముక్కను) బట్టి కాస్త అటూ ఇటూ పోతుంది. ఈసారి నా సింథ్ షడ్జమం ఆ అబ్బాయి ఊపిరి వెంట కదలాలి. మైకు నుంచి స్వరం పట్టుకుని సింథ్‌ను నడిపించే ప్యాచ్ (ప్రోగ్రాం) సగం తయారైంది. ఇప్పటికైతే స్వరం మారిన క్షణంలో ఒక గుటక మింగుతోంది. ఆషాఢం లోపు దాన్ని పోగొట్టాలి.