నాయన, మా వాడు, మధ్యలో ఒక హైబ్రిడ్ బండి

వేసవి సెలవులకి పిల్లల్ని ఊరికి తీసుకొచ్చే మా లాంటి వాళ్ళందరి ప్లానూ దాదాపు ఒకటే. దర్శనం, చుట్టాల ఇళ్ళు, కుదిరితే ఒక పెళ్ళి, బట్టల షాపులు. పిల్లలు తీసుకెళ్ళిన చోటికల్లా వస్తారు, కూర్చోమన్న చోట కూర్చుంటారు, ఫోన్ తీస్తారు. మన సంస్కృతి తెలియక అట్లా ఉన్నారని పెద్దవాళ్ళు అంటారు. నాకట్లా అనిపించదు. వాళ్ళకి ఊళ్ళో పనేమీ లేదు, అంతే. వాళ్ళు లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ ఉండదు. చుట్టంచూపుగా వస్తారు, చుట్టంచూపుగానే పోతారు. ఈ ఏడు మాత్రం మా వాడికి తిరుపతిలో ఒక పని దొరికింది.

మేం డాలస్ దగ్గర ఉంటాం. అబ్బాయికి 15, పాపకి 9. నాయన ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు, ఏళ్ళ తరబడి తిరుమల ఘాట్ మీద బస్సు నడిపినాయన. బెంగళూరులో ఉండే తమ్ముడు, మేం వచ్చిన వారానికి టయోటా హైరైడర్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజినూ కరెంటు మోటారూ రెండూ ఉన్న కారు, కొని ఇంటికి తెచ్చాడు. తాళాలు నాయన చేతిలో పెట్టి, సోమవారం ఆఫీసుందని వెళ్ళిపోయాడు. ఇక ఆ బండి నేర్చుకోవడం నాయన వంతు, నేర్పడం ఎవరి వంతో ఎవరూ అనుకోలేదు.

పూజకి అలిపిరి పాదాల మండపం దగ్గరికి వెళ్ళాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, హారతి ఇచ్చారు, ఇక పోనివ్వమన్నారు. నాయన బ్రేక్ తొక్కి బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ నొక్కాడు. ఆ నొక్కుడికి ఉన్నదీ ఆఫ్ అయింది. మూడోసారి నొక్కేసరికి వెనక సీట్లోంచి మా వాడు ముందుకి వంగాడు.

"తాతా, నొక్కద్దు. అక్కడ పచ్చగా రెడీ అని వచ్చింది చూడు. అంతే, స్టార్ట్ అయినట్టే."

"ఇంజినే తిరగలా, ఎట్లా పోతుందిరా?"

"ఇప్పుడు మోటార్ మీద పోతుంది. బ్రేక్ వదులు."

వదిలాడు. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు నలుగురికీ వినిపించింది గానీ బండి చప్పుడు వినిపించలేదు. ముందు నిలబడ్డ పూలమ్మాయి ఉలిక్కిపడి పక్కకి జరిగింది. నాయన వెంటనే హారన్ కొట్టాడు. మా వాడు చెవులు మూసుకున్నాడు. టెక్సస్‌లో హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. అమెరికాలో హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్ళు గంటకి 30 కిలోమీటర్ల లోపు వేగంలో వెళ్తున్నప్పుడు, నడిచేవాళ్ళకి వినపడేలా మోత చేసి తీరాలని చట్టం ఉంది. మన బజారు రొదలో అట్లాంటి సన్నటి మోత ఎవరి చెవికి అందుతుంది? "చప్పుడు లేని బండికి హారనే నోరు," అన్నాడు నాయన. ఈ విషయంలో వాళ్ళిద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

మర్నాటి నుంచి సాయంత్రం ఎండ తగ్గగానే ఇద్దరూ బండిలో కూర్చునేవాళ్ళు. మా వాడి ఒళ్ళో మాన్యువల్. వాడి తెలుగు శనివారం క్లాసు తెలుగు. నాయన ఇంగ్లీషు డిపో ఇంగ్లీషు: క్లచ్ ప్లేటు, గేర్ బాక్సు, బ్రేక్ లైనరు. పోయిన సెలవుల దాకా "తాత ఏమన్నాడు?" అని వాడు, "వాడేమంటాడమ్మా?" అని నాయన, మధ్యలో నేను. ఇప్పుడు నన్ను పిలిచేవాళ్ళు లేరు. కాఫీ తీసుకెళ్ళి ఇస్తే గ్లాసు అందుకుని డోర్ వేసుకునేవాళ్ళు, ఏసీ పోతుందని.

మోడ్‌ల దగ్గర పెద్ద వాదన నడిచింది. ఎకోలో పెడితే యాక్సిలరేటర్ మామూలుగా తొక్కినప్పుడు బండి నెమ్మదిగా స్పందిస్తుంది, ఏసీ కూడా పొదుపుగా నడుస్తుంది. పవర్‌లో కాలు ఆనిస్తే చాలు, ఉరుకుతుంది. ఇంజిన్ మాత్రం అదే ఇంజిన్, 1.5 లీటర్లు, మూడు సిలిండర్లు. ఈవీ బటన్ నొక్కితే పెట్రోలు వాడకుండా బ్యాటరీ మీదే నడుస్తుంది, అయితే బ్యాటరీలో సరిపడా ఛార్జి ఉండాలి, వేగం తక్కువగా ఉండాలి. గట్టిగా తొక్కామా, ఇంజిన్ వచ్చేస్తుంది. ఇదంతా విని నాయన తేల్చేశాడు: "ఎకో అంటే కాలికి పగ్గం. నా కాలికి పగ్గం నేనేసుకుంటా, మిషనెందుకు?" ఆర్టీసీలో ప్రతి డ్రైవరుకీ లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్న లెక్క ఉంటుంది. డిపోలో ఆ లెక్కతోనే పేరూ మాటా. అందుకని నార్మల్‌లోనే పెట్టి, స్క్రీన్ మీద యావరేజ్ చూపించమని మనవణ్ణి అడిగాడు. కంపెనీ చెప్పే 27.97 పరీక్షలో తేలిన లెక్క అని మా వాడు అన్నాడు. "చూస్తాం లే," అన్నాడు ఈయన.

లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడితే చాలు, అలవాటు కొద్దీ నాయన చేయి న్యూట్రల్‌కి పోయేది. న్యూట్రల్‌లో ఉంటే ఈ బండి బ్యాటరీ ఛార్జి కాదు. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని చాలాసేపు అట్లా ఉంటే ఛార్జి దిగిపోతుంది. మా వాడు ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత చేయి రాడ్డు మీదికి వెళ్ళినప్పుడల్లా "తాతా" అనేవాడు, అంతే. పాప అయితే స్క్రీన్ మీద బాణాలకి కాపలా: చక్రాల నుంచి బ్యాటరీకి పోతే చప్పట్లు, ఇంజిన్ నుంచి పోతే మౌనం. అమ్మ మాత్రం ఏసీ చల్లగా వస్తుందా లేదా అన్నది తప్ప ఈ బండి గురించి ఇంకేమీ అడగలేదు. వెనక సీటు బెల్టు దగ్గర కాస్త గొడవ పెట్టింది, చీర నలుగుతుందని. టెక్సస్‌లో వెనక కూర్చున్నవాళ్ళకీ బెల్టు తప్పనిసరి అని మనవడన్నాడు, మన దగ్గరా అదే చట్టమని నాయన వాడికి వంత పాడాడు. ఇద్దరూ ఒకటైపోయాక అవ్వ మాట ఎక్కడ చెల్లుతుంది?

అసలు కథ ఘాట్ మీద. ఎక్కేటప్పుడు వంపు దగ్గర నాయన యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టింది. గోల పెరిగినంతగా వేగం పెరగలేదు. నాయన మొహం మారిపోయింది. "క్లచ్ జారతా ఉండాదిరా!" అన్నాడు. ఘాట్ డ్రైవరు చెవికి ఆ చప్పుడు అంతకంటే మరోలా వినిపించదు.

"క్లచ్ లేదు తాతా."

"క్లచ్ లేకుండా గేర్లు ఎట్లా మారతాయిరా?"

"గేర్లూ లేవు."

కొండ మీద పార్కింగ్‌లో కారు ఆపాక మా వాడు మాన్యువల్ వెనక అట్ట మీద బొమ్మ గీశాడు. మధ్యలో ఒక పళ్ళ చక్రం, చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటి బయట పెద్ద వలయం. ఇంజిను, రెండు మోటార్లు ఒకే గుత్తికి తగులుకుని ఉంటాయి. మోటారు వేగం మారిస్తే ఇంజిన్ వేగం దానంతటదే సర్దుకుంటుంది. అందుకే బండి వేగంతో సంబంధం లేకుండా ఇంజిన్ తనకి అనువైన చోట తిరుగుతుంది. నాయన కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశాడు. "ఇది డిఫరెన్షియల్ కదరా. టర్నింగ్‌లో ఒక చక్రం ఆగితే రెండోది ఎక్కువ తిరగదూ? ఆ లెక్కే ఇది." మా వాడికి డిఫరెన్షియల్ అంటే ఏంటో తెలియదు. బొమ్మ పక్కన నాయన ఇంకో బొమ్మ గీశాడు. మేం ముగ్గురం ఆకలితో నకనకలాడుతూ నిలబడ్డాం.

దిగేటప్పుడు నాయన వంతు. ఎక్కే దారి 1974లో వేశారని, అంతకు ముందు ముప్పై ఏళ్ళు 1944 నాటి ఈ దారిలోనే ఎక్కడమూ దిగడమూ అని మనవడికి చెప్పుకుంటూ వచ్చాడు. దిగడానికి 40 నిమిషాలు పట్టాలి, అంతకంటే ముందు అలిపిరి చేరితే జరిమానా. కాబట్టి తొందరేమీ లేదు. ఆయన దిగులు ఒక్కటే: సెకండ్ గేర్ లేకుండా ఈ మలుపుల్లో బండిని పట్టేదెట్లా? బ్రేక్ మీదే దింపితే లైనర్లు కాలిపోతాయి. అప్పుడు మా వాడు రాడ్డు చివర ఉన్న బి చూపించాడు. డి నుంచి ఇంకొంచెం కిందికి లాగితే బి.

లాగాడు. కాలు తీయగానే బండి వెనక్కి పట్టినట్టయింది. పాప బాణాలు చూసి చప్పట్లు మొదలుపెట్టింది. కొన్ని మలుపులు తిరిగేసరికి బ్యాటరీ గీతలన్నీ నిండిపోయాయి. చిన్న బ్యాటరీ, ఎంతని పడుతుంది? అప్పటి నుంచి ఇంజిన్ హోరు. పెట్రోలు మండడం లేదు, మిగిలిన శక్తిని ఖర్చు పెట్టడానికి మోటారే ఇంజిన్‌ని ఊరికే తిప్పుతోంది. ఈసారి నాయన కంగారు పడలేదు.

"ఇదీ సెకండ్ గేర్ చప్పుడు," అన్నాడు. "ఇది ముందే చెప్పుంటే నీ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాల్సిన పని లేదు కదరా."

సెలవులు అయిపోయేలోగా బండి ఒక్కసారి నడపాలని మా వాడు అడిగాడు. టెక్సస్‌లో 15 నిండాయి, లెర్నర్స్ తీసుకున్నాడు, పక్కన పెద్దవాళ్ళుంటే నడపొచ్చు. ఇక్కడ 18 నిండాలి. మా వీధిలో వాడి కంటే చిన్నవాళ్ళు స్కూటీల మీద దూసుకుపోతుంటే వాడికి ఉక్రోషం వచ్చింది. నాయన ససేమిరా అన్నాడు. మనవడి ముందు మెత్తబడతాడేమో అనుకున్నాను గానీ, ఖాకీ చొక్కా విప్పినా మనిషి మారలేదు.

తిరుగు ప్రయాణానికి చెన్నై విమానాశ్రయం దాకా నేనే దింపుతానని నాయన పట్టుబట్టాడు. హైబ్రిడ్ బ్యాటరీ డిక్కీలో చోటు తినేసింది, మా పెట్టెల్లో సగం కూడా పట్టవు. పెట్టెలకి వేరే బండి మాట్లాడుకున్నాం. మా వాడు నాయన పక్కన, నేను పెట్టెల బండిలో.

ఇప్పుడు మాకు ఆదివారం ఉదయమైతే వాళ్ళకి రాత్రి, మాకు రాత్రయితే వాళ్ళకి పొద్దున. ఫోన్ చేస్తే మా కుశలాలు రెండు నిమిషాల్లో అయిపోతాయి, తర్వాత ఫోన్ మా వాడి చేతికి పోతుంది. నాయన బండి ఎక్కువగా బయటికి తీయడం లేదు. కదలకుండా వారాల తరబడి ఉంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతుందని, అప్పుడు పెద్ద బ్యాటరీలో ఛార్జి ఉన్నా బండి రెడీ కాదని వీడి పోరు. ఉత్తినే ఇంటి ముందు ఆన్‌లో పెట్టడం పెట్రోలు దండగ అని ఆయన వాదన. చివరికి వారానికోసారి అమ్మని కపిలతీర్థం తీసుకెళ్ళేట్టు ఒప్పందం కుదిరింది. పోయినవారం వెళ్ళలేదట, అందుకు మా వాడు తాతని గట్టిగానే నిలదీశాడు.