పొద్దు గుంకేలోపు తేల్చుకోవలసినవి

సాయంసంధ్యలో మంత్రాచమనం, అంటే మంత్రం చెప్పి కాసిని నీళ్లు పుచ్చుకునే చోటు, దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ల వేగం చూస్తే బాధ వేస్తుంది. 'అగ్నిశ్చ మా మన్యుశ్చ' అని అందుకున్నారో లేదో 'స్వాహా' దగ్గర తేలతారు. మధ్యలోవన్నీ నాలుక మీదుగా జారిపోతాయి. అర్ఘ్యం మీద, గాయత్రి లెక్క మీద ఉన్న శ్రద్ధలో పావువంతు కూడా దీని మీద ఉండదు. నాకు మాత్రం సంధ్యావందనం మొత్తంలో మన ఇంటికీ ఒంటికీ ఇంత దగ్గరగా వచ్చే మంత్రం ఇంకొకటి కనిపించదు.

యదహ్నా పాపమకార్షం | మనసా వాచా హస్తాభ్యాం | పద్భ్యాముదరేణ శిశ్నా | అహస్తదవలుంపతు |

పగటిపూట చేసిన పాపాన్ని ఆ పగలే తుడిచెయ్యాలని అడుగుతున్నాం. పొద్దున సూర్యుడి పేరుతో ఇదే మంత్రం, అప్పుడు రాత్రి లెక్క. 'యత్కించ దురితం మయి' అని మిగిలినవన్నీ తర్వాత కలుపుతారు. ముందు మాత్రం ఈ పూటది ఈ పూటే తేలాలి. అందుకు తీసుకునే నీళ్లు ఎన్ని? కుడి అరచేతిని గోకర్ణంలా వంచి, ఉద్ధరిణితో మినపగింజ మునిగేటన్ని. పూట గడవకముందే పట్టుకున్న దోషానికి ఆ కాసిని నీళ్లు చాలునని పెద్దల ధైర్యం.

వరస కూడా గమనించండి. మొదట మనసు, తర్వాత వాక్కు, ఆ తర్వాతే చేతులు, కాళ్లు. తోడికోడలి మీద ఒక చిన్న కినుక పుట్టింది. మనసులో ఉండగానే 'ఇది నాలో ఉంది' అని గుర్తుపడితే అక్కడికి సరి. గుర్తుపట్టకపోతే మర్నాడు మాటలో ముల్లై వస్తుంది. నెల తిరిగేసరికి చేతులు ఆమె ఇంటికి పసుపు కుంకుమలు పంపడం మానేస్తాయి, కాళ్లు ఆ గడప తొక్కడం మానేస్తాయి. ఉదరం మాట ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించాలి. రోజూ రాత్రి గ్యాస్ మాత్ర వేసుకుని పడుకునేవాడు 'ఉదరేణ' అన్నప్పుడు ఒక్క క్షణం ఆగితే, రాత్రి పదింటికి తిన్న పెసరట్టూ గుర్తొస్తుంది, నెలల తరబడి వాయిదా వేస్తున్న డాక్టరూ గుర్తొస్తాడు. శరీరం పట్ల చేసిన అపచారం మాత్రం పాపం కాదా?

సభాపర్వంలో మయసభ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఈ మంత్రమే మెదులుతుంది. నేల అనుకుని దుర్యోధనుడు నీళ్లలో పడ్డాడు. భీముడు నవ్వాడు, అర్జునుడూ కవలలూ నవ్వారు. రాజాజ్ఞతో పొడి బట్టలు తెచ్చి ఇచ్చారు. మర్యాదలో లోటేమీ లేదు. కానీ ఆ నవ్వు దగ్గర ఒక్క ఓదార్పు మాట కూడా వ్యాసులవారు చెప్పలేదు. హస్తినకు వెళ్లే దారిలో దుర్యోధనుడు అదంతా శకుని ముందు వెళ్లబోసుకున్నాడు, శకుని జూదం సంగతి ఎత్తాడు. ఆ సాయంత్రమే ఎవరైనా వెళ్లి 'అన్నా, మా నవ్వును మనసులో పెట్టుకోకు' అని ఉంటే? అసలు అసూయ రాజసూయం వైభవం చూసినప్పుడే పుట్టిందని అంటారు. నిజమే. ఆ అసూయ అతనిది. నవ్వు మాత్రం పాండవులది, దాన్ని సరిదిద్దుకోవడం వాళ్ల చేతిలోనే ఉంది.

మా మేనమామలు ఇద్దరూ నిష్ఠాపరులే, మూడు సంధ్యలూ తప్పేవారు కారు. ఒకరి దొడ్లో నీళ్లు గోడ కింది తూములోంచి రెండోవారి దొడ్లోకి పోయేవి. తాపీమేస్త్రీ ఒక పూట కూర్చుంటే తీరే పని. 'వాడే అడగనీ' అని ఈయన, 'ఆయనకు తెలీదా' అని ఆయన. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది, మాటలు పోయాయి. అమ్మమ్మ తద్దినం నాడు ఒకే వసారాలో చెరొక మూల విస్తరి వేసుకున్నారు. వడ్డిస్తూ మా అమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ సాయంత్రం కూడా ఇద్దరూ పంచపాత్ర ముందు కూర్చుని 'మన్యుకృతేభ్యః పాపేభ్యో రక్షంతాం' అన్నారు. కోపం వల్ల చేసిన పాపాల నుంచి కాపాడమని! దేవుడు కాపాడడానికి సిద్ధంగానే ఉన్నాడు. గోడ అవతల మనిషి ఉన్నాడు. లేచి నాలుగడుగులు వెయ్యాల్సింది మనం.

'అకార్షం' అన్నది 'నేను చేశాను' అని. ఎదుటివాడు ఏం చేశాడో ఈ మంత్రంలో ఎక్కడా లేదు. 'నేను వెళ్తే అతను మాట్లాడకపోతే?' అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అతని లెక్క అతని సంధ్యలో ఉంటుంది. మీ భాగం మీరు చెప్పి రండి.

ఆలస్యం అయిపోయిందని దిగులు పడేవాళ్లకూ పెద్దలు దారి చూపించారు. వేళ దాటితే సంధ్య మానెయ్యమనలేదు, కాలాతీత ప్రాయశ్చిత్తంగా ఇంకొక అర్ఘ్యం ఇచ్చి కొనసాగించమన్నారు. పాత తగవైనా అంతే. వెళ్లేటప్పుడు రెండు అరటిపళ్లు పట్టుకెళ్లండి, ఆలస్యానికి క్షమించమని ఒక మాట ఎక్కువ అడగండి.

సంధ్యావందనం లేనివాళ్లు 'దీపం జ్యోతిః పరబ్రహ్మ' అంటూ దీపం పెట్టేటప్పుడు ఇదే తలుచుకోవచ్చు. ఇవాళ ఎవరిని మాట అన్నాను, ఎవరికి ఇవ్వాల్సింది ఇవ్వలేదు, ఒంట్లో ఏ నలతను దాస్తున్నాను? ఏదో ఒకటి తగులుతుంది. అది తగిలాక టీవీ పెట్టకండి. ముందు ఆ ఫోను చెయ్యండి, ఆ ఐదొందలు పంపించెయ్యండి, ఆ డాక్టరు దగ్గర రేపటికి టైము తీసుకోండి. రాత్రి భోజనం ఆ తర్వాత.